పళ్ళు చూసి ధర కట్టండి: పాత రేసు గేర్‌బాక్సులపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే అడుగుతున్నాయి: "ఇది ఏమిటి, ఎంత పలుకుతుంది?" మొదటిది తేలకుండా రెండోది చెప్పలేం కాబట్టి గుర్తుపట్టడం దగ్గరే ఎక్కువసేపు ఆగాం.

ప్రశ్న (సికింద్రాబాద్): మా మామయ్య షెడ్డు ఖాళీ చేస్తుంటే గోనెపట్టాలో చుట్టిన గేర్‌బాక్సు ఒకటి బయటపడింది. షోలవరం రేసుల రోజుల్లో ఆయన మెకానిక్. కేసు మీద వోక్స్‌వాగెన్ గుర్తు ఉంది, వెనక మూత మీద మాత్రం హ్యూలాండ్ అని పోత అక్షరాలున్నాయి. తుక్కు కొనేవాడు "బీటిల్ కారుది సార్, కిలోల లెక్కన తీసుకుంటా" అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కేసు వరకు అతను చెప్పింది నిజమే. అయినా కిలోల లెక్కన ఇవ్వకండి. ఇంగ్లండ్‌లోని మెయిడెన్‌హెడ్‌లో మైక్ హ్యూలాండ్ 1957లో వర్క్‌షాపు పెట్టారు. ఆయన చేసిన తొలి తరం రేసు గేర్‌బాక్సులు బీటిల్ కేసునే వాడుకున్నాయి. తేలిక, గట్టి, చవక, పైగా ఎక్కడపడితే అక్కడ దొరికేది. ఒక చిక్కు మాత్రం ఉంది. బీటిల్‌లో ఇంజను ఇరుసుకి వెనక ఉంటుంది, రేసు కారులో ముందు. గేర్‌బాక్సుని అలాగే వెనక్కి తిప్పి బిగిస్తే చక్రాలు ఉల్టా తిరిగి నాలుగు రివర్సులు, ఒక ముందు గేరు వస్తాయి. అందుకే కేసుని తలకిందులు చేశారు. అప్పుడు ఇరుసుని తిప్పే పెద్ద పళ్ళ చక్రం (క్రౌన్ వీల్) దాన్ని తిప్పే చిన్న గేరుకి (పినియన్‌కి) అవతలి పక్కకి వెళ్ళి దిశ సరిపోతుంది. మీ కేసు మీద వోక్స్‌వాగెన్ గుర్తు తలకిందులుగా కనిపిస్తే కంగారు పడాల్సిన పని లేదు.

అసలు పరీక్ష వెనక మూత విప్పాకే. ముందు నూనె తీసి తెల్ల గుడ్డలో వడకట్టండి. బూడిదరంగు మెత్తని ముద్ద దిగితే అది మామూలు అరుగుదల. గోటి ముక్కల్లాంటి మెరిసే రేకులు కనిపిస్తే ఎక్కడో పంటి చర్మం లేచిందన్నమాట. తర్వాత మూత చుట్టూ నట్లు తీసి నైలాన్ సుత్తితో మెల్లగా తట్టండి. అతుకులో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే అంచు లోహం చెక్కుకుపోతుంది, ఆ తర్వాత ఏ గాస్కెట్టు వేసినా నూనె కారడం ఆగదు. సెలెక్టర్ రాడ్ల దగ్గర చిన్న స్ప్రింగులు, గుండ్లు ఉంటాయి. రాడ్డు లాగేముందు ఆ కన్నం మీద గుడ్డ వేసి అదిమి పట్టుకోండి, లేకపోతే షెడ్డంతా వెతకాలి. బయటికొచ్చిన గేర్లను వచ్చిన వరసలోనే జీఐ తీగకు గుచ్చి, ప్రతిదానికీ చీటీ కట్టండి.

లోపల పళ్ళు నిలువుగా, రంపంలా నేరుగా ఉండి, పక్కలకి డాగులు (గేరుని పట్టి కలిపే బొడిపెలు) ఉంటే అది రేసు సామాను. పళ్ళు ఏటవాలుగా ఉండి, పక్కన గేరు మెత్తగా పడేందుకు వేసే ఇత్తడి సింక్రో రింగులు కనిపిస్తే లోపల ఉన్నది రోడ్డు కారు సరుకే, మూత ఒక్కటే హ్యూలాండ్.

ఇక ఏ మోడల్ అన్నది. ముందుకి నాలుగు గేర్లు, వోక్స్‌వాగెన్ కేసు అయితే మార్క్ 8, మార్క్ 9 వైపు చూడండి. నాలుగు గేర్లే ఉండి కేసు హ్యూలాండ్ సొంత పోత అయితే ఎల్‌డీ200. సొంత కేసు, ఐదు గేర్లు అయితే ఎఫ్‌టీ200 కావచ్చు. ఫార్ములా టూ, ఫార్ములా త్రీ, అట్లాంటిక్ కార్లలో అది విరివిగా వాడారు. ఇంకా బరువుగా, పెద్దగా ఉంటే డీజీ300 కుటుంబం. అది ఫార్ములా వన్ కార్లలోని కాస్వర్త్ వీ8 ఇంజన్ల స్థాయిది. స్టాంపు కొట్టిన టైపు, నంబరు ఒక్కటే చూసి నమ్మకండి. యాభై ఏళ్ళలో మూతలు, పక్క పలకలు ఒక కారు నుంచి ఇంకో కారుకి ఎన్నిసార్లు మారాయో ఎవరికీ లెక్క లేదు.

అరుదైనదే ఖరీదు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 1967 జులైలో బ్రాండ్స్ హ్యాచ్‌లో మొదలైన ఫార్ములా ఫోర్డ్ రేసు తరగతికి ఈ నాలుగు గేర్ల గేర్‌బాక్సులే తిండిగింజలు. ఆ పాత కార్లు ఇప్పటికీ పరిగెడుతున్నాయి. అందుకని మామూలు మార్క్ 9కి కొనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అదే లోటస్ 1950ల చివర్లో తన కార్లకి సొంతంగా చేయించుకున్న ఐదు గేర్ల గేర్‌బాక్సు చూడండి. దాని తిక్క చూసి "క్వీర్‌బాక్స్" అని పేరు పెట్టారు, దాని తిప్పలు తీర్చడానికి కాస్వర్త్ ఇంజన్లు చేసిన కీత్ డక్‌వర్త్ అంతటివాడు కూర్చోవలసి వచ్చింది. ఆ ముక్కలు దొరకడం గగనం. కానీ కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. అలాంటి సరుకు మీ దగ్గరుంటే సరైన మనిషి దొరికేదాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న (లెస్టర్, ఇంగ్లండ్): ఒక పాత రేసు టీము సామాను వేలంలో గేర్ల డబ్బా కొన్నాను. ఇరవై దాకా ఉన్నాయి. వాటి మీద 19:31, 19:32 లాంటి అంకెలు చెక్కి ఉన్నాయి. విడివిడిగా అమ్మాలా, కలిపి అమ్మాలా? ధర ఎలా కట్టాలి?

జవాబు: ఆ అంకెలు పళ్ళ లెక్క. 19 పళ్ళ గేరు 31 పళ్ళ గేరుని తిప్పుతుందని అర్థం. ఇన్ని విడి గేర్లు లోకంలో తిరగడానికి కారణం గేర్‌బాక్సు రూపమే. హ్యూలాండ్‌లో గేర్లన్నీ ఇరుసుకి వెనక, మూత కిందే ఉంటాయి. గేర్‌బాక్సుని కారులోంచి దించకుండానే రేసు ట్రాకుని బట్టి జతలు మార్చేవాళ్ళు. ప్రతి టీముకీ ఒక డబ్బా నిండా ఉండేవి.

ఒక జత ఏం చేస్తుందో లెక్క కట్టి చూడండి. క్రౌన్ పినియన్ 10:31, అంటే 3.1, అనుకుందాం. 31ని 19తో భాగిస్తే 1.632, దాన్ని 3.1తో హెచ్చిస్తే 5.06. ఇంజను 6,500 తిరిగితే చక్రం నిమిషానికి 1,285 సార్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత 1.8 మీటర్లయితే వేగం గంటకు 139 కిలోమీటర్లు. అదే 20:31 పెడితే 146. ఒక్క పన్ను తేడాకి ఏడు కిలోమీటర్లు. మలుపు దాటాక ఇంజను సరైన చోట పలకాలంటే ఆ ఏడే కావాలి, అందుకే డ్రైవర్లు జతల కోసం అంతగా వెతుకుతారు.

ఇక్కడ ఒక బోను ఉంది, కొత్తవాళ్ళు తరచూ పడతారు. 19:31లోని 19 పళ్ళ గేరు, 19:32లోని 19 పళ్ళ గేరు పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉంటాయి. కానీ రెండు షాఫ్టుల మధ్య దూరం మారదు. మొత్తం పళ్ళు 50 అయినా 51 అయినా అదే దూరంలో ఇమడాలి, అందుకని పంటి ఆకారాన్ని కాస్త సవరించి కోస్తారు. ఒకదాని జోడీని ఇంకొకదానికి కలిపితే తిరుగుతుంది, కూస్తుంది, కొన్నాళ్ళకి గుంటలు పడుతుంది. కాబట్టి రెండు గేర్ల మీదా ఒకే జత అంకె ఉండాలి. డబ్బాలో ముందు జతలు ఏరండి. జోడీ లేని గేరు విలువ జతలో సగం అనుకోకండి, అంతకన్నా బాగా తక్కువ.

తర్వాత డాగులు. గేరు మీద డాగు అంచుని వేలిగోటితో గీసి చూడండి. గోరు అంచుకి తట్టుకుని ఆగితే మంచిది. జారుకుంటూ పోతే మూల గుండ్రబడింది, అలాంటి గేరు బరువు పడగానే ఊడుతుంది. ఇంకో పరీక్ష: గేరుని, దాని డాగులకి తగులుకునే డాగ్ రింగుని కలిపి పట్టుకుని వెలుతురుకి ఎదురుగా పెట్టండి. అన్ని డాగులూ ఒకేసారి ఆనాలి. రెండే ఆని మిగతావాటి దగ్గర వెలుగు సందు కనిపిస్తే, ఆ రెండే ఇన్నాళ్ళూ మోత మోశాయి. డాగు ముఖాన్ని కాస్త లోపలికి వాలేలా కోస్తారు, బరువు పడ్డప్పుడు రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. అరిగిన డాగుల్ని మళ్ళీ గ్రైండ్ చేయించి అమ్మడం మామూలే, తప్పేం లేదు. కానీ ప్రతి గ్రైండింగ్‌కీ పైన గట్టిపరచిన పొర పల్చబడుతుంది. సన్నబడ్డ డాగుని కొత్తదాని ధరకి కొనకండి.

పళ్ళ ముఖం మీద సూదిగుచ్చుళ్ళలా చుక్కలుంటే రేసుకి పనికిరాదు. నీలం, గోధుమ రంగు తేలితే నూనె లేక కాలిందని గుర్తు, ఎంత బాగా కనిపించినా పక్కన పెట్టండి. మిగిలిన వాటికి అయస్కాంత పొడితో పగుళ్ళ పరీక్ష చేయించండి. పంటి మొదట్లో, స్ప్లైన్ల (షాఫ్టుకి పట్టే గాళ్ళ) మూలల్లో పగుళ్ళు కంటికి కనపడవు. పరీక్ష అయ్యాక అయస్కాంతం తీసేశారా అని అడగాలి, లేకపోతే ఆ గేరు గేర్‌బాక్సులోని ఇనుప పొడినంతా తన ఒంటికి రాసుకుంటుంది.

ధరకొస్తే, హ్యూలాండ్ పాత మోడళ్ళకి ఇప్పటికీ కొత్త గేర్లు దొరుకుతున్నాయి. అంటే కొత్త జత ధరే మీకు పైకప్పు. పరీక్ష చీటీ ఉన్న మంచి పాత జతకి మా లెక్కలో దానిలో సగం, మహా అయితే కాస్త ఎక్కువ. చీటీ లేని జతకి మూడో వంతు. ఆపై దాటి అడిగితే కొనేవాడు కొత్తదే తెప్పించుకుంటాడు. మార్క్ 8, మార్క్ 9, ఎల్‌డీ200, ఎఫ్‌టీ200 గేర్లను అమ్మేవాళ్ళు ఒకే జాబితాలో పెడతారు. అలా పెట్టినా, కన్నం కొలత, వెడల్పు, స్ప్లైన్ల సంఖ్య వెర్నియర్‌తో కొలిచి రాసి అమ్మండి. మంచి జతలు విడివిడిగా, మిగిలింది కిలోల లెక్కన. ఇరవై కలిపి ఒకే లాట్‌గా పెడితే బాగున్నవాటి ధరా పోతుంది.

ప్రశ్న (న్యూజెర్సీ, అమెరికా): 1960ల కార్వెట్ రేసు కారు కోసం మన్సీ ఎం22 "రాక్ క్రషర్" గేర్‌బాక్సు అమ్ముతామంటున్నారు. మామూలు మన్సీకి, దీనికి ధరలో చాలా తేడా ఉంది. మోసపోకుండా ఏం చూడాలి?

జవాబు: మన్సీ అంటే జనరల్ మోటార్స్ వారి నాలుగు గేర్ల గేర్‌బాక్సు, అందులో ఎం20, ఎం21, ఎం22 అని మూడు రకాలు. ముందు అది మన్సీయేనా అన్నది చూడండి. పక్క మూతకి ఏడు బోల్టులు, మూత మీద రెండు లివర్లు, మూడో లివరు వెనక తోక హౌసింగ్ మీద, కేసు అల్యూమినియం: ఇది మన్సీ. తొమ్మిది బోల్టులుంటే బోర్గ్ వార్నర్ టీ10. ఏడు బోల్టులే ఉండి మూడు లివర్లూ పక్క మూత మీదే ఉంటే అది సాగినా, పోత ఇనుముది. పక్క మూతే లేకుండా పైన మూత ఉంటే ఫోర్డ్ టాప్‌లోడర్.

మన్సీయే అని తేలాక ఇన్‌పుట్ షాఫ్ట్ స్ప్లైన్ల దగ్గర గాడి గీతలు చూడండి. 1966 నుంచి వచ్చిన వాటిలో రెండు గీతలుంటే ఎం20, ఒకటైతే ఎం21, అసలు లేకపోతే ఎం22. 1966కి ముందువి ఈ సూత్రంలో ఇమడవు, వాటికి గీతలు చూసి తీర్పు చెప్పకూడదు. తర్వాత మొదటి గేరులో పెట్టి, అవుట్‌పుట్ షాఫ్ట్ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, అది సరిగ్గా పది చుట్లు తిరిగేదాకా ఇన్‌పుట్‌ని చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. 22 చుట్లు వస్తే మొదటి గేరు 2.20, అంటే ఎం21 లేదా ఎం22. పాతికకి పైబడితే ఎం20. ఎం21కీ ఎం22కీ తేడా మాత్రం ఈ లెక్కలో తేలదు. దానికి పక్క మూత తీయాల్సిందే. ఎం22 పళ్ళ వాలు తక్కువ, దాదాపు నిలువుగా కనిపిస్తాయి. వాలు తగ్గితే షాఫ్టుని పక్కకి తోసే బలం, వేడి తగ్గుతాయి, మోత పెరుగుతుంది. రాళ్ళు పిండి చేసే యంత్రం పేరు ఆ మోత వల్ల వచ్చిందే.

ఇక స్టాంపు. 1967 నుంచి పీ అక్షరం, సంవత్సరం చివరి అంకె, నెల అక్షరం, తేదీ వరసగా ఉంటాయి. నెలలకి ఏ, బీ, సీ, డీ, ఈ వరకు మే దాకా వరసగా వెళ్ళి, ఆపైన జూన్‌కి హెచ్, జులైకి కే, ఆగస్టుకి ఎం, సెప్టెంబరుకి పీ, అక్టోబరుకి ఆర్, నవంబరుకి ఎస్, డిసెంబరుకి టీ. 1969 కల్లా చివర ఇంకో అక్షరం చేర్చారు: ఏ అంటే ఎం20, బీ అంటే ఎం21, సీ అంటే ఎం22. పీ9డీ14సీ అని ఉంటే 1969 ఏప్రిల్ 14న తయారైన ఎం22. కేసు పోత నంబరు దీనితో పొసగాలి: 3851325 ఉన్న కేసు 1964–65ది, 3885010 అయితే 1966–67ది. 1965 కేసు మీద 1969 స్టాంపు కనిపిస్తే బేరం అక్కడితో ఆపండి. 1965 వరకు లే షాఫ్ట్ పిన్ను (కింది గేర్ల గుత్తిని మోసే కడ్డీ) ముప్పావు పైచిలుకు, అంటే 7/8 అంగుళం. 1966 నుంచి ఒక అంగుళం. పాత కేసులో కొత్త గేర్లు ఎక్కించాలంటే కన్నం పెద్దది చేయాలి, ఆ పని జరిగిన కేసుని అసలైనదిగా లెక్కగట్టకూడదు.

ఎం22 గేర్లు కొత్తగా కూడా తయారవుతున్నాయి. ఎం20 కేసులో అవి వేసిన గేర్‌బాక్సు రేసుకి చక్కగా పనిచేస్తుంది. ఆ ధర వేరు, అసలు ఎం22 ధర వేరు. పరిగెత్తడానికే కావాలంటే మాత్రం స్టాంపుకి డబ్బు పోయడం మాకు దండగ అనిపిస్తుంది.

ప్రశ్న (విజయవాడ): గేర్‌బాక్సు పక్క పలక ఒకటి ఉంది. అల్యూమినియమా, మెగ్నీషియమా ఎలా తెలుసుకోవాలి? దాన్ని ఆసిడ్‌తో కడిగిస్తే మెరుస్తుందంటున్నారు.

జవాబు: ఆసిడ్ మాట మరిచిపోండి. మెగ్నీషియాన్ని ఆసిడ్ తినేస్తుంది. అల్యూమినియాన్ని కాస్టిక్ సోడా తినేస్తుంది. లోహం తేలేదాకా కిరోసిన్, బ్రష్ చాలు.

పలకకున్న బేరింగులు, స్టడ్డులు, ఇనుప సామాను అంతా తీసి, దారంతో వేలాడదీసి తూచండి. తర్వాత అదే దారంతో బకెట్ నీళ్ళలో పూర్తిగా మునిగేలా, అడుగు తగలకుండా వేలాడదీసి మళ్ళీ తూచండి. బయట 1,260 గ్రాములు, నీళ్ళలో 560 వచ్చిందనుకోండి. తేడా 700. 1,260ని 700తో భాగిస్తే 1.8, మెగ్నీషియం. అల్యూమినియమైతే భాగహారం 2.7 దగ్గర తేలుతుంది, నీళ్ళలో బరువు 790 దాకా చూపిస్తుంది. కన్నాల్లో గాలి బుడగలు మిగిలితే లెక్క తప్పుతుంది, తిప్పి ఊపి వదిలించండి. పని కాగానే ఆరబెట్టండి. తొందరగా తేలాలంటే కనపడని మూల ఒకచోట గీకి, ఒక చుక్క వెనిగర్ వేయండి. మెగ్నీషియం బుసబుస పొంగుతుంది.

మెగ్నీషియం అని తేలితే గ్రైండర్ దగ్గర జాగ్రత్త. ఆ పొడి అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట ఇంకా పెరుగుతుంది. పొడి ఇసుక బకెట్ పక్కనే పెట్టుకోండి. బేరింగ్ కూర్చునే చోటు చుట్టూ, స్టడ్డు కన్నాల దగ్గర ఎర్రరంగు చొరబడే స్ప్రేతో పగుళ్ళు చూడండి: శుభ్రంగా తుడిచి, ఎరుపు కొట్టి, పదిహేను నిమిషాలు ఆగి, తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎర్రగీతలా తేలుతుంది. బేరింగ్ కన్నంలో గీత తేలిన పలక గోడకి తగిలించుకోడానికే. తెల్లపొడి పట్టి గుంటలు పడ్డ చోటు అతుకు ముఖం మీద కాకపోతే అంత నష్టం లేదు.

ప్రశ్న (హైదరాబాద్): "1966 లె మాన్ గెలిచిన ఫోర్డ్ జీటీ40 రకం జెడ్‌ఎఫ్ గేర్‌బాక్సు విడిభాగాలు" అని ప్రకటన చూశాను. నమ్మవచ్చా?

జవాబు: ప్రకటన రాసినవాడికే చరిత్ర తెలియదు. 1966లో గెలిచిన జీటీ40 మార్క్ టూ కార్లలో ఉన్నది కార్ క్రాఫ్ట్ టీ44, నాలుగు గేర్లది. జెడ్‌ఎఫ్ ఐదు గేర్లది 1968, 1969 గెలుపుల్లో ఉంది. పైగా ఆ జెడ్‌ఎఫ్ 5డీఎస్25 కుటుంబం ఫోర్డ్‌కే పరిమితం కాదు. డి టొమాసో పాంటెరా, బీఎండబ్ల్యూ ఎం1లలో కూడా వచ్చింది. పాంటెరా ముక్కలకి జీటీ40 పేరు తగిలిస్తే ధర ఎగబాకుతుందని అందరికీ తెలుసు. కేసు మీద ప్లేటు ఫొటో, లోపలి గేర్ల పళ్ళ లెక్క అడగండి. పంపకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న (బెంగళూరు): ఫార్ములా ఫోర్డ్ గేర్‌బాక్సులో లిమిటెడ్ స్లిప్ ఉందని అదనంగా అడుగుతున్నారు.

జవాబు: ఆ తరగతిలో లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఒంటరిగా జారి తిరగకుండా ఆపే డిఫరెన్షియల్) నిషేధం. మీరు డబ్బిచ్చి కొని, మళ్ళీ డబ్బిచ్చి తీయించాలి. అసలు ఉందో లేదో కూడా చూడండి: గేరులో పెట్టి ఇన్‌పుట్ కదలకుండా పట్టుకుని, ఒక పక్క ఫ్లాంజ్ తిప్పండి. రెండోది ఉల్టా దిశలో తేలిగ్గా తిరిగితే మామూలు డిఫరెన్షియలే. లిమిటెడ్ స్లిప్‌లోనే కామ్ అండ్ పాల్ రకమైతే విప్పించి, పాల్ కొసలు చదునుగా అరిగాయా, కామ్ దారి మీద అలల్లాంటి గీతలు పడ్డాయా చూడండి. ఆ రకం తొందరగా అరుగుతుంది. అదే సమయంలో క్రౌన్ వీల్ మీద, పినియన్ మీద చెక్కిన జత నంబరు ఒకటేనా అన్నదీ చూడండి. రెండు నంబర్లుంటే ఆ క్రౌన్ పినియన్‌కి ధర సున్నా వేసి బేరం మొదలుపెట్టండి.

ప్రశ్న (విశాఖపట్నం): ఇంగ్లండ్ నుంచి పాత గేర్‌బాక్సు తెప్పించుకోవాలంటే?

జవాబు: గేర్‌బాక్సులు, వాటి విడిభాగాలు కస్టమ్స్‌లో 8708.40 కింద వస్తాయి. వాడిన సరుకుకి, యంత్ర సామగ్రి కానిదానికి, దిగుమతి అనుమతి ముందే తీసుకోవాలి. డబ్బు పంపకముందే కస్టమ్స్ ఏజెంటుతో మాట్లాడండి. చారిత్రక రేసులకి వాడేదైతే, కారు ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటారు రేసుల సమాఖ్య) టెక్నికల్ పాస్‌పోర్టులో ఏ గేర్‌బాక్సు రాసి ఉందో చూసి అదే కొనండి. వేరేది ఎంత మంచిదైనా తనిఖీలో ఆపేస్తారు. సరుకు కట్టే ముందు నూనె పూర్తిగా ఒంపించి, కన్నాలన్నిటికీ బిరడాలు పెట్టించి, స్టాంపు నంబరు పక్కన ఆ రోజు దినపత్రిక పెట్టి తీసిన ఫొటో అడగండి. ఇక్కడ పెట్టె తెరిచాక వచ్చింది అదేనా కాదా చెప్పేది ఆ ఫొటోనే.